చిన్నారుల కోసం కథలు రాసే పెద్దపిల్లలు: అపోహలు - వాస్తవాలు

వేసవి శిబిరాల పట్టికలో చిత్రలేఖనం, కరాటే, స్కేటింగుల పక్కన ‘కథలు రాద్దాం’ కూడా ఇప్పుడు మామూలైపోయింది. అందులో ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల చేత అంగన్‌వాడీ చిన్నారుల కోసం, ఒకటి రెండు తరగతుల వాళ్ల కోసం కథలు రాయించి చెప్పించడం వేరే పని. మామూలు కథారచన తరగతిలో చెప్పేవి ఇక్కడ సగమే అక్కరకొస్తాయి. ఇక్కడ మార్కులేసేది మాస్టారు కాదు, చాప మీద కూర్చున్న ఐదేళ్ల పిల్ల. విశాఖలో ఈ పని తలపెట్టే బడులవాళ్లూ, అపార్టుమెంటు సంఘాలవాళ్లూ తరచుగా అనే మాటలు కొన్ని, వాటి వెనకున్న అసలు సంగతులు కొన్ని.

అపోహ: చిన్న కథే కదా, రెండు రోజుల్లో అయిపోతుంది.

వాస్తవం: వారానికి రెండుసార్లు, పూటకి గంటన్నర చొప్పున కనీసం ఆరు వారాలు పడుతుంది. మొదటి వారమంతా రాత ఉండదు. పెద్దపిల్లలు వెళ్లి చిన్నవాళ్ల మధ్య ఊరికే కూర్చోవాలి. వాళ్లు ఏ మాటలు వాడుతున్నారు, దేనికి నవ్వుతున్నారు, ఎంతసేపు కుదురుగా ఉంటున్నారు అన్నది కాగితం మీద పెట్టుకోవాలి. ఈ మెట్టు ఎగ్గొడితే పదమూడేళ్ల పిల్లలు తమ ఈడువాళ్లకి నచ్చే కథే రాస్తారు: దెయ్యం బంగళా, ప్రపంచాన్ని కాపాడే హీరో, పేజీకి నలుగురు కొత్త మనుషులు. రెండో వారం కథకి గట్టి ఎముకలు వెయ్యడం, మూడో వారం రాయడం, నాలుగో వారం చిన్నవాళ్ల ముందు చెప్పి చూడటం, ఐదో వారం తిరగరాయడం, ఆరో వారం పుస్తకం కుట్టడం. నాలుగో వారాన్ని చివరికి నెట్టి ‘ప్రదర్శన’గా మార్చేయడమే అందరూ చేసే పొరపాటు. అప్పుడు తప్పులు బయటపడతాయి కానీ, దిద్దుకునే వ్యవధి ఉండదు.

కొలత కూడా తెలిసి ఉండాలి. నిదానంగా చెబితే నిమిషానికి సుమారు 80 నుంచి 90 మాటలు వస్తాయి. ఐదేళ్ల పిల్లలకి ఐదారు నిమిషాలు చాలు కాబట్టి 400 నుంచి 500 మాటల కథ సరిపోతుంది. మొదటి రాతలో అందరూ వెయ్యి దాటతారు. కొట్టెయ్యడం నేర్పడమే ఈ శిక్షణలో సగం.

అపోహ: పిల్లల కథ అంటే చివర నీతి ఉండాలి.

వాస్తవం: పెద్దపిల్లలకి ఈ అలవాటు బడి నుంచే వచ్చింది, పరీక్షలో ‘ఈ కథలోని నీతి ఏమిటి?’ అని అడిగీ అడిగీ. చిన్న పరీక్ష ఒకటి పెట్టండి. రాసిన కథలో ఆఖరి రెండు వాక్యాలూ చేత్తో మూసి చదవమనండి. కథ అప్పటికే ముగిసినట్టు అనిపిస్తే ఆ రెండు వాక్యాలూ ఉపదేశమన్నమాట, తీసెయ్యొచ్చు. ముగియనట్టు అనిపిస్తే తప్పు చివర్లో లేదు, మధ్యలో ఉంది: జరగాల్సింది జరగలేదు, దాన్ని నీతివాక్యంతో కప్పారు. ‘అప్పటినుంచి చింటూ బుద్ధిగా ఉన్నాడు’ అన్న వాక్యం కనపడితే చింటూ ఎందుకు మారాడో కథలో వెతకండి. చాలాసార్లు దొరకదు.

అపోహ: ఊహాశక్తి ఉంటే చాలు, ‘మీకిష్టమైంది రాయండి’ అని వదిలెయ్యాలి.

వాస్తవం: అలా వదిలేస్తే పదిమందిలో ఆరేడుగురు సినిమానో వీడియో గేమునో తిరగరాస్తారు. తప్పు వాళ్లది కాదు, ఖాళీ కాగితానిది. హద్దు గీస్తేనే ఊహ కదులుతుంది. మొదటి కథకి గీత ఇది: ఒకే ప్రాణి, దానికి ఒకే కోరిక, మూడు ప్రయత్నాలు. మొదటి రెండూ ఫలించవు, మూడోది అనుకోని దారిలో ఫలిస్తుంది.

ముందు సరుకు పోగెయ్యాలి. ఫిషింగ్ హార్బరు దగ్గర అరగంట నిలబెట్టి, కంటికీ చెవికీ ముక్కుకీ తగిలినవి ఇరవై రాయమనండి. ‘అందమైన సముద్రం’ అన్నది లెక్కలోకి రాదు. మరపడవల మీద ఆరేసిన వలలు, ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, గంప మీద తడిగోనె, చేపల వేలం కేకలు, గంపల మధ్య తిరిగే పిల్లులు లెక్కలోకి వస్తాయి. ఆ ఇరవైలోంచి ఒకటి ఏరుకోవాలి. పిల్లి అనుకోండి. పిల్లికి ఒక్క చేప కావాలి. గంపలో మూతి పెడితే అమ్మేవాళ్లు అదిలించారు. ఐసు పెట్టె ఎక్కితే కాళ్లు గడ్డకట్టాయి. ఆశ వదులుకుని వలల కుప్పలో పడుకుంటే, వల కొరికే ఎలుక దొరికింది. వల బతికినందుకు పడవవాడే చేప ఇచ్చాడు. ఇందులో మూడో ప్రయత్నం అసలు ప్రయత్నమే కాదు, నిద్ర. పిల్లలు నవ్వేది అక్కడే.

కార్యకారణం అంటే ఏమిటో పాఠంగా చెప్పక్కర్లేదు, మన ఏడు చేపల కథ చాలు. చేప ఎందుకు ఎండలేదు అని మొదలై గడ్డిమోపు, ఆవు, పాలేరు మీదుగా చీమపుట్ట దాకా ‘ఎందుకు?’ పట్టుకుని వెనక్కి నడుస్తుంది. పెద్దపిల్లల రాతలో ప్రతి ‘అప్పుడు’, ‘ఆ తర్వాత’ కింద గీత గీయించి, దాని స్థానంలో ‘అందుకని’ గానీ ‘కానీ’ గానీ పడుతుందేమో చూడమనండి. పడకపోతే ఆ రెండు సంఘటనలకీ ముడి లేదు. ఒకదాని పక్కన ఇంకొకటి కూర్చుంది, అంతే.

హార్బరుకి తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. వేసవి శిబిరం సరిగ్గా అప్పుడే వస్తుంది. వేలం కేకలు వినాలంటే అంతకు ముందే వెళ్లాలి. అయినా నష్టం లేదు. రెండు నెలలు కట్టేసి ఉన్న పడవకి ఏం తోస్తుంది అన్నది మరో కథ.

అపోహ: పిల్లల కథలో వాస్తవాలు ఎలా ఉన్నా పర్వాలేదు.

వాస్తవం: పిల్లి మాట్లాడొచ్చు, పడవ అలగొచ్చు. కానీ కథ కోసం కల్పించామని తెలియని చోట తప్పు చెబితే చిన్నవాళ్లు దాన్నే నిజమనుకుంటారు. సముద్రపు తాబేళ్ల కథలు మన పిల్లలు ఇష్టంగా రాస్తారు, దాదాపు అందరూ ‘తల్లి తాబేలు గుడ్లని పొదిగింది’ అనే రాస్తారు. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రివేళ ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతుంది. ఆ గుడ్ల దగ్గరికి మళ్లీ రాదు. ఇసుక వేడికి 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి తమంతట తామే నీళ్లవైపు నడుస్తాయి. ఈ నిజం తెలిస్తే కథ చెడిపోదు, బాగుపడుతుంది: అమ్మ లేదు, దారి తెలియదు, వెనక వీధి దీపాల వెలుగు దారి తప్పిస్తోంది. అలాగే బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మీద రాసేవాళ్లు ముందు టికెట్ కొని లోపలికి వెళ్లి చూడాలి. లోపల ఎంత ఇరుకో చూడని పిల్లలు అందులో నాట్యశాల పెడతారు.

అపోహ: కథ పుస్తక భాషలోనే ఉండాలి, మన యాస రాస్తే తప్పు.

వాస్తవం: వాడుక భాష కోసం పట్టుబట్టిన గిడుగు రామమూర్తి (1863-1940) ఈ ఉత్తరాంధ్ర మనిషే. ఇక్కడి పిల్లలకి ఆ భయం ఇంకా ఎందుకో! నడిపే వాక్యాలు అందరికీ తెలిసే వాడుక తెలుగులో, సంభాషణలు ఆ పాత్ర నిజంగా మాట్లాడే తెలుగులో రాయించండి. ‘ఏటే పిల్లీ, మళ్లీ వచ్చీసేవా?’ అని చేపలమ్మే అప్ప అంటే గాజువాకలో పిల్లలు ఇట్టే నవ్వుతారు. యాసని వెటకారానికి వాడుతున్నారేమో మాత్రం కనిపెట్టాలి. పనిమనిషి, జాలరి యాసలో, డాక్టరు పుస్తక భాషలో మాట్లాడితే ఆపి అడగాలి.

చెప్పే కథకీ, పిల్లలు తామే చదువుకునే కథకీ తేడా ఇక్కడే. చెవికి కొత్త మాట బరువు కాదు. ‘తెరచాప’ తెలియని పిల్లకి చెయ్యి ఊపి చూపిస్తే తెలిసిపోతుంది. కంటికి మాత్రం ఒత్తులు బరువే. రెండో తరగతి పిల్ల చదవాల్సిన పేజీలో ‘నిష్క్రమించాడు’ రాస్తే అక్కడే ఆగిపోతుంది, ‘వెళ్లిపోయాడు’ చాలు. వాక్యానికి ఐదు నుంచి ఎనిమిది మాటలు, పేజీకి రెండు మూడు వాక్యాలు.

అపోహ: బాగా చెప్పాలంటే గొంతులు మార్చి నటించాలి, కథంతా బట్టీ పట్టాలి.

వాస్తవం: బట్టీ పడితే ఒక్క మాట జారినా కథంతా ఆగిపోతుంది. మధ్యలో చిన్నది లేచి ‘మా ఇంట్లో కూడా పిల్లి ఉంది’ అంటే అక్కడితో సరి. బట్టీ పట్టాల్సినవి మూడే: మొదటి వాక్యం, ఆఖరి వాక్యం, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి. పిల్లి కథలో ‘ఒక్కటే! ఒక్కటంటే ఒక్కటే!’ లాంటిది. మిగతాది ఆరు గడుల్లో ఆరు గీత బొమ్మలుగా వేసుకుని, ఆ బొమ్మలు చూస్తూ నాలుగుసార్లు వేర్వేరు మనుషులకి చెప్పాలి. ప్రతిసారీ మాటలు కొంచెం మారతాయి, మారనివ్వండి. పల్లవి మూడోసారి వచ్చేటప్పటికి చిన్నవాళ్లే అందుకుంటారు. అందుకోకపోతే పల్లవి పొడుగైందని అర్థం. నాలుగు మాటలు దాటకూడదు.

గొంతులు మార్చడం గురించి: పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లలకి అసలే గొంతు విరుగుతూ ఉంటుంది. ఎలుక గొంతు పెట్టమంటే మధ్యలో పగిలి, స్నేహితులు నవ్వి, ఆ అబ్బాయి మళ్లీ కథ చెప్పడానికి లేవడు. గొంతు బదులు వేగం మార్చమనండి. ఎలుక గబగబా, ఏనుగు ఆగి ఆగి. ఇక కథ మలుపు ముందు మనసులో ‘ఒకటి, రెండు, మూడు’ అనుకునేంత మౌనం. పెద్దపిల్లలకి ఇదే కష్టం, మౌనమంటే మరిచిపోయినట్టనుకుంటారు.

చోటు సంగతి. ఆర్కే బీచ్‌లో కథల కార్యక్రమం ఫొటోలకి బాగుంటుంది, కథకి కాదు. మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి వీస్తుంది. చెప్పేవాళ్లు సముద్రానికి వీపు పెడితే గొంతు పిల్లలవైపు వస్తుంది, కానీ పిల్లలు అలల్నే చూస్తారు. చెప్పేవాళ్లే సముద్రంవైపు తిరిగి నిలబడితే గాలి గొంతుని వెనక్కి లాక్కుపోతుంది. అపార్టుమెంటు సెల్లారులో ప్రతిధ్వని. గది చాలు: గోడకి వీపు పెట్టి చెప్పేవాళ్లు, ఎదురుగా అర్ధచంద్రంలో పన్నెండు నుంచి పదిహేనుమంది, పొద్దున పదిన్నర ప్రాంతంలో. మధ్యాహ్న భోజనం తర్వాత పెట్టారా, సగంమంది కునుకు తీస్తారు.

అపోహ: చిన్నవాళ్లు చప్పట్లు కొట్టారంటే కథ బాగున్నట్టే.

వాస్తవం: కొట్టమంటే కొడతారు. ‘బాగుందా?’ అంటే ‘బాగుంది’ అంటారు. వాళ్ల ఒళ్లు మాత్రం అబద్ధం చెప్పదు. ఒకరు కథ చెబుతుంటే ఇంకొకరు పక్కన రాతప్రతి పట్టుకుని కూర్చుని, మార్జిన్‌లో ఒక్కో అక్షరం వెయ్యాలి: నవ్వితే ‘న’, కదిలితే లేదా ఫ్యాను చూస్తే ‘క’, ప్రశ్న అడిగితే ‘ప్ర’. పన్నెండుమందిలో ముగ్గురు ఒకేచోట కదిలితే ఆ చోట ఏదో ఒకటి కొట్టెయ్యాలి. చాలాసార్లు అది వర్ణన. ‘ప్ర’ రెండు రకాలు. ‘తర్వాత?’ అంటే మంచిదే. ‘ఎవరు?’ అంటే పేరు ముందు చెప్పడం మరిచిపోయారు. మర్నాడు ఆ పిల్లల్లో ఇద్దరిని కథ తిరిగి చెప్పమంటే ఇంకా తెలుస్తుంది. వాళ్లు వదిలేసిన ముక్క ఎటూ అక్కర్లేనిదే.

అపోహ: భయం అస్సలు ఉండకూడదు.

వాస్తవం: పులి కనపడి, ఒకటి రెండు నిమిషాల్లో గండం గట్టెక్కితే చిన్నవాళ్లు ఆనందంగా భయపడతారు. తీరని భయమే వద్దు. జాలరిపేట పిల్లలు కూర్చున్నచోట తండ్రి పడవ మునిగే కథ చెప్పనివ్వకండి. ఆ రాత్రి వాళ్ల నాన్న నిజంగానే సముద్రం మీద ఉండొచ్చు.

అపోహ: ముందు అక్షరదోషాలు దిద్దాలి.

వాస్తవం: అది చిట్టచివరి పని. ముందు కథ, తర్వాత వాక్యం, ఆఖరున ఒత్తులూ దీర్ఘాలూ. తెలుగు రాయడం కష్టమైన ఇంగ్లీషు మీడియం పిల్లల చేత ముందు ఫోనులో కథ చెప్పించి, విని రాయించండి. మాట్లాడే వాక్యం రాసే వాక్యం కన్నా చాలాసార్లు పొట్టిగానే ఉంటుంది.

అపోహ: పుస్తకం అంటే డీటీపీ, ప్రింటింగు, ఖర్చు.

వాస్తవం: నాలుగు ఏ4 కాగితాలు, సూది, దారం చాలు. నాలుగింటినీ ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకి మడిస్తే 16 పేజీలు. మొదటిదీ ఆఖరిదీ అట్టలు, మధ్యలో ఏడు జంట పేజీలు: మొదలుకి ఒకటి, మూడు ప్రయత్నాలకి ఐదు, ముగింపుకి ఒకటి. బొమ్మలు వేసే ముందే పేజీ అంకెలు వేయించండి, లేకపోతే విడదీసినప్పుడు కథ తలకిందులవుతుంది. కాగితాన్ని తెరిచినప్పుడు ఒకే ముఖం మీద పక్కపక్కన పడే అంకెల మొత్తం ఎప్పుడూ 17 రావాలి: 16-1, 2-15, 14-3, 4-13, అలా. అక్షరం సెంటీమీటరు ఎత్తు, వరసకీ వరసకీ మధ్య ఇంకో వరస ఖాళీ. లేకుంటే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి.

స్టేప్లరు వద్దు. మన సముద్రపు గాలికి పిన్నులు త్వరగా తుప్పు పట్టి కాగితం చిరుగుతుంది. మడత మీద మధ్యలో ఒకటి, పైనుంచీ కిందనుంచీ నాలుగేసి సెంటీమీటర్ల దూరంలో చెరొకటి, మొత్తం మూడు చిల్లులు పొడవండి. అరమీటరు దారం. లోపలినుంచి మధ్య చిల్లులోకి బయటికి, పై చిల్లు గుండా లోపలికి, లోపలే కిందకి వచ్చి కింది చిల్లు గుండా బయటికి, మళ్లీ మధ్య చిల్లు గుండా లోపలికి. రెండు కొసలూ లోపలి పొడవాటి దారానికి అటొకటి ఇటొకటి ఉండేలా చూసి, దాని మీద ముడి వెయ్యండి. రెండూ ఒకే పక్కనుంటే ముడి బిగియదు, మధ్య కాగితం వారంలో ఊడొస్తుంది.