ఆల్ టెర్రెయిన్ టైర్లు: తారు మీద ఒక లెక్క, బురదలో ఇంకో లెక్క

కొత్తగా ఎస్‌యూవీ కొన్న ఒక పాఠకుడు అడిగారు: "సెలవు రోజుల్లో ఊళ్లో పొలం దాకా వెళ్తుంటాను. కంపెనీ ఇచ్చిన హైవే టైర్లు తీసేసి ఆల్ టెర్రెయిన్ వేయించమంటారా?" ఆయన పొలం నల్లరేగడా, ఇసుక నేలా, రాళ్ల నేలా అన్నది ముందు తెలియాలి. జవాబు టైరులో కంటే మట్టిలోనే ఎక్కువ ఉంది.

హెచ్‌టీ (హైవే), ఏటీ (ఆల్ టెర్రెయిన్, అంటే అన్ని రకాల నేలలకూ), ఎంటీ (మడ్, అంటే బురదకు) అంటే ఏమిటో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లను. రబ్బరు దిమ్మెల మధ్య సందులు హైవే టైరులో ఇరుకు, మడ్ టైరులో వెడల్పు, ఏటీలో మధ్యస్తం. అంత తెలిస్తే చాలు.

తారు మీద పట్టు రబ్బరు చలవ. కంకర మొనల మీద అణిగి, మళ్లీ లేచేటప్పుడు రబ్బరు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. పట్టులో ఒక ముఖ్య భాగం అక్కడే పుడుతుంది. బురదలో మాత్రం ఎంత ఖరీదైన రబ్బరైనా చేయగలిగింది కొంచెమే. చక్రం తోసిన తోపుకు ముందు మట్టే తెగుతుంది, పై పొర కింది పొర మీంచి జారిపోతుంది.

ఈ తెగుడు లెక్క 1773 నాటిది. కట్టింది ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్, విద్యుదావేశాల పాఠంలో మనం చదువుకున్న ఆ కూలుంబే. నేల ఇవ్వగల పట్టులో రెండు భాగాలుంటాయి. ఒకటి, మట్టి తనను తాను పట్టుకునే బంధబలాన్ని టైరు ఆనిన వైశాల్యంతో హెచ్చవేస్తే వచ్చేది. రెండోది, రేణువుల మధ్య రాపిడి వల్ల బండి బరువుకు తగ్గట్టు వచ్చేది. ఘర్షణకు వైశాల్యంతో పనిలేదని బళ్లో బట్టీ పట్టిస్తారు. అది రెండో భాగానికి మాత్రమే సరిపోతుంది. మొదటి భాగం ఊసే ఎత్తకుండా పిల్లల్ని పంపేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. వానాకాలంలో ఒక్కసారి పొలం గట్టు దాకా తీసుకెళ్తే ఈ పాఠం జన్మలో మర్చిపోరు.

పొడి ఇసుకలో మొదటి భాగం సున్నా. నానిన రేగడిలో రెండోది దాదాపు సున్నా, కాబట్టి బండిలో నలుగురిని అదనంగా ఎక్కించినా రాపిడి వల్ల వచ్చే పట్టు పెరగదు. అంకెలు వేసి చూద్దాం. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే 1800 కిలోల బండి, ఒక్కో టైరు మీద 450 కిలోలు. గాలి 32 పీఎస్ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోలు. భాగిస్తే టైరు ఆనే చోటు 200 చదరపు సెంటీమీటర్లు. మెత్తటి రేగడి బంధబలం 15 కిలోపాస్కల్స్ అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 0.15 కిలో. టైరుకు 30 కిలోలు, నాలుగింటికీ కలిపి 120 కిలోల లాగుడు. పొడి తారు మీద ఇదే బండికి 1400 కిలోల దాకా దొరుకుతుంది! బురదలో కదలడానికి బరువులో పదో వంతు, అంటే 180 కిలోలు కావాలనుకుంటే బండి ఇరుక్కుపోయినట్టే. ఇప్పుడు గాలి 16కు దించండి. వైశాల్యం దాదాపు రెట్టింపై, లాగుడు 240 అవుతుంది. అదే టైరు, అదే బురద, బండి బయటికొచ్చేస్తుంది. టైరు గోడల బిగువు, చక్రం కూరుకుపోవడం లాంటివి వదిలేసిన మోటు లెక్కే ఇది. అయినా గాలి ఎంత పని చేస్తుందో చూపించడానికి చాలు. కొత్త బండికి నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఆ పూటే టైర్లలో గాలి ఎంతుందో కూడా చూసుకుంటే ఎంత బాగుంటుందో.

మరి దిమ్మెలు, సందులు ఎందుకు? పైనున్న నీళ్ల బురదకు బంధబలం లేదు. దిమ్మె దాన్ని చీల్చుకుని గట్టి మట్టిని అందుకోవాలి. రేగడిలోని బంకమన్ను ఖనిజం మాంట్‌మోరిల్లొనైట్ నీళ్లు తాగి ఉబ్బి, అంటుకుంటే వదలదు. ఏటీ సందులు త్వరగానే పూడిపోతాయి, ఇక అది గుండు టైరే. ఎంటీ టైరు వెడల్పు సందుల్లోంచి మట్టి విసురుకు ఊడిపోతుంది. ఈ దారిలో చివరిదాకా వెళ్తే దమ్ములో ట్రాక్టరుకు కట్టే ఇనుప కేజ్‌వీల్స్ వస్తాయి. అక్కడ దాదాపు అంతా సందే! వాటితో రోడ్డెక్కితే తారు లేచిపోతుంది, అందుకే అధికారులు ఒప్పుకోరు.

అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లకు లెక్క తిరగబడుతుంది. సందుల్లో కూరుకున్న మంచు కింది మంచును పట్టుకుంటుంది కాబట్టి, అక్కడ అది ఊడిపోకుండా ఉండటమే మేలు. టైరు మీద మూడు శిఖరాలు, మంచు రేకు ఉన్న గుర్తు చూసి కొనండి. ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో) అన్నది సందుల అమరికను బట్టి వేసే ముద్ర మాత్రమే.

సూర్యలంక బీచ్ ఇసుకలో దిమ్మెలు గోతులు తవ్వుతాయి. అక్కడ చక్రం కూరుకుపోకుండా కాపాడేది తగ్గించిన గాలే. ఏటీ నిజంగా తన విలువ చూపేది రాళ్ల బాటలో. మందపాటి రబ్బరు, గట్టి గోడలు కోతలను తట్టుకుంటాయి. తారు మీద మాత్రం ఆ ఎత్తైన దిమ్మెలు వంగుతాయి, స్టీరింగ్ కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, మైలేజీ తగ్గుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే బండి ఇంకొంచెం ముందుకెళ్లి ఆగే వీలుంది. దిమ్మెల పొడవులు ఒకేలా లేకపోవడం గమనించారా? హోరు అంతా ఒకే స్వరంలో పేరుకోకుండా కావాలనే అలా చేస్తారు.

మన పాఠకుడిది రేగడి పొలమైతే ఉన్న టైర్లు ఉంచుకుని, గాలి కొలిచే గేజీ, చిన్న కంప్రెసర్ కొనుక్కోమంటాను. రాళ్ల నేలైతే ఏటీ వేయించుకోవచ్చు. టైర్లు ఏవైనా రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపాల్సిందే, తక్కువ గాలితో వేగంగా వెళ్తే గోడలు వేడెక్కి పేలిపోగలవు. వాన పడుతుంటే ఇంకో ప్రమాదం ఉంది. సందులను మించి నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైరు నీటి పైన తేలిపోయే వేగానికి 1960లలో నాసా ఒక సూత్రం ఇచ్చింది. పీఎస్ఐ వర్గమూలాన్ని 16.65తో హెచ్చవేస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 36 పీఎస్ఐకి 100 కిలోమీటర్లు, పొలంలో దించిన 16తోనే రోడ్డెక్కితే 67.