తాగుడు మానినవాళ్లే తోడు, మరి వాళ్లను చూసుకునేదెవరు?

గోదావరి డెల్టాలో తాగుడు ప్రస్తావన వస్తే పెద్దవాళ్లు ముందు సారా ఉద్యమాన్నే తలుచుకుంటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుని రాష్ట్రమంతా పాకిన ఆ పోరాటంతో 1993లో సారాని, 1995లో మొత్తం మద్యాన్నీ నిషేధించారు. 1997లో మళ్లీ సడలించారు. అప్పటి చర్చంతా దుకాణం చుట్టూనే తిరిగింది. మానాలనుకుని మానలేకపోతున్న మనిషి సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు.

మానినవాడు మానాలనుకునేవాడికి తోడుండే పద్ధతి 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘానిది. అందులో జీతాలుండవు, పైఅధికారులూ ఉండరు.

జీతానికి పనిచేసే తోటివాడు మన జిల్లాలకు వేరే దారిన వచ్చాడు. 1999లో మొదలైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం రెండో దశ నుంచి రాజమండ్రిలాంటి చోట్ల సెక్స్ వర్కర్లలోంచే పీర్ ఎడ్యుకేటర్లను, అంటే తోటివాళ్లకు చెప్పి వెంట ఉండేవాళ్లను, తీసుకున్నారు. వాళ్లపైన, వాళ్ల పని చూసే ఔట్‌రీచ్ వర్కర్ ఉంటారు. మీటింగులో అడిగేవి ముఖ్యంగా లెక్కలే: ఎంతమందిని కలిశావు, ఎంతమంది క్లినిక్‌కి వచ్చారు, కండోములు ఎన్ని ఇచ్చావు. తర్వాత కేంద్రం సాయంతో నడిచే డీఅడిక్షన్ సెంటర్లలోకీ, అంటే తాగుడు, మత్తు మాన్పించే చోట్లకీ, ఈ పీర్ ఎడ్యుకేటర్ పోస్టు వచ్చింది. ఏడాదో రెండేళ్లో మత్తుకు దూరంగా ఉన్నవాళ్లే అర్హులు. పోస్టుతోపాటు ఆ లెక్కల అలవాటూ వచ్చిందని నా అనుమానం.

ఎయిడ్స్ పనిలో ఆ లెక్కలతో కొంత నడిచింది. డీఅడిక్షన్‌లో నడవదు. పీర్ ఎడ్యుకేటర్ ఫాలోఅప్ కోసం రొయ్యల చెరువు గట్టుకు వెళ్తే, రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు చేతిలో పడ్డ పాత జట్టు "రా బావా, ఒక్క పెగ్గేగా" అంటుంది. అర్ధరాత్రి పేషెంటు ఫోన్ చేసి ఏడుస్తాడు, పొద్దున్నే వచ్చి వెయ్యి అప్పడుగుతాడు. ఇవి రాయడానికి రిజిస్టరులో గడి ఏది? వీటి గురించి పైవాళ్లు ఆ పీర్ ఎడ్యుకేటర్‌తో విడిగా కూర్చుని మాట్లాడాలి. తన కథ ఎంతవరకు చెప్పుకోవచ్చు, ఫోన్ ఎన్నింటికి ఆపెయ్యాలి, మళ్లీ తాగితే ఎవరికి చెప్పాలి, ఉద్యోగం ఏమవుతుంది... చివరి రెండూ చేరిన రోజే తేల్చి కాగితం మీద పెట్టుకోవాలి. తాగితే ఉద్యోగం ఊడుతుందన్న ఒక్క ముక్కే తెలిస్తే దాచేస్తాడు. ఎవరైనా అంతే చేస్తారు.

అసలు చిక్కు చిన్న సెంటర్లలో. నిన్న అతనికి కౌన్సెలింగ్ చేసినవాళ్లే ఇవాళ హాజరు వేసే పరిస్థితి రావచ్చు. అప్పుడు మనసు విప్పి మాట్లాడటానికి ఇంకో మనిషి ఉండాలి. కాకినాడలోనో రాజమండ్రిలోనో వేరే సెంటర్ కౌన్సెలర్‌ని నెలకోసారి పిలిచినా పని జరుగుతుంది. రానుపోను బస్సు ఖర్చులు మాత్రం సెంటరే పెట్టుకోవాలి.