బ్రిడ్జ్ బిడ్డింగు: ఇంకో కన్వెన్షన్ నేర్పమని అడిగే ముందు

బ్రిడ్జ్ అంటే ఇద్దరిద్దరు జంటలుగా ఆడే పేకాట; ఎన్ని ట్రిక్కులు (పట్లు) గెలుస్తామో ముందే పాడి చెప్పడం బిడ్డింగు. అది నేర్పే నా దగ్గరికి నెలకు ఒక జంటైనా వచ్చి ఇదే అడుగుతుంది: "సార్, మాకు స్లామ్‌లు దొరకడం లేదు. ఇంకో కన్వెన్షన్ ఏదైనా చెప్పండి." స్లామ్ అంటే పదమూడు ట్రిక్కుల్లో పన్నెండో, మొత్తమో గెలుస్తామని ఒప్పుకునే కాంట్రాక్టు; కన్వెన్షన్ అంటే ఒక బిడ్‌కు జంట ముందే అనుకున్న ప్రత్యేక అర్థం. ఇప్పటికే ఎన్ని వాడుతున్నారంటే వేళ్లు మడిచి పద్నాలుగు లెక్కపెడతారు. అప్పుడు భర్తను వరండాలోకి పంపి భార్యను అడుగుతాను: "మీరు 1 హార్ట్‌తో ఓపెన్ చేశారు. ఆయన 2 క్లబ్స్ అన్నారు. మీరు 2 హార్ట్స్ అన్నారు. ఇక ఆయన పాస్ అనవచ్చా?" తర్వాత ఆయన్ను పిలిచి అదే ప్రశ్న. ఇద్దరి జవాబూ కలిసిన రోజులు తక్కువ.

అపోహ: కన్వెన్షన్లు పెరిగితే బిడ్డింగు బాగుపడుతుంది.

వాస్తవం: బల్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఈ నమ్మకమే. కన్వెన్షన్ పేరు, మొదటి బిడ్ నేర్చుకోవడం పది నిమిషాల పని. తర్వాతి బిడ్లకు అర్థం ఏమిటి, ఏది ఫోర్సింగ్ (పార్టనర్ పాస్ అనకూడనిది), ప్రత్యర్థి మధ్యలో దూరితే ఏమవుతుంది అన్నవి ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసినవి. అక్కడికి ఎవరూ రారు.

నేనూ రాలేదు. ఒక టోర్నమెంటులో నా పార్టనర్ 1 నోట్రంప్ (తురుపు లేకుండా) అన్నాడు, ప్రత్యర్థి 2 క్లబ్స్ అన్నాడు. నా చేతిలో అయిదు హార్ట్స్, పది పాయింట్లు (ఏస్‌కు 4, రాజుకు 3, రాణికి 2, జాక్‌కు 1). ట్రాన్స్‌ఫర్ (నాకు హార్ట్స్ ఉన్నాయి, నువ్వు 2 హార్ట్స్ అను అని చెప్పే కన్వెన్షన్) అనుకుని 2 డైమండ్స్ అన్నాను. మధ్యలో బిడ్ వచ్చింది కాబట్టి అది మామూలు డైమండ్స్ అనుకుని అతను పాస్ అన్నాడు. ప్రత్యర్థులు సంతోషంగా ఊరుకున్నారు. మా ఇద్దరికీ కలిపి డైమండ్స్ నాలుగు, వాళ్లకు తొమ్మిది! వల్నరబుల్‌లో (ఓడితే జరిమానా ఎక్కువుండే స్థితిలో) నాలుగు ట్రిక్కులు తగ్గి 400 పోయాయి. పక్క బల్ల మీద అవే ముక్కలతో 4 హార్ట్స్ ఆడి 620 తెచ్చుకున్నారు. మా ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, అదే బాధ. ట్రాన్స్‌ఫర్ ఇద్దరికీ వచ్చు, ఈ ఒక్క సందర్భం గురించే ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అందుకే సాధనంటే ఆట ఆడటం కాదు. 15–17 పాయింట్లున్న నోట్రంప్ చేయి ఒకటి ఏరి ఒకరికి ఇవ్వండి. మిగిలిన 39 ముక్కలు కలిపి 13 రెండోవారికి పంచండి. బిడ్డింగు ముగించి ఆపేయండి. ముక్కలు చూపించుకునే ముందు, పార్టనర్ చివరి బిడ్‌కు ఎన్ని పాయింట్లు, ఎంత పొడవు, ఫోర్సింగా కాదా అని ఎవరి కాగితం మీద వారు రాయండి. తర్వాత 26 ముక్కలూ తెరిచి చూడండి. ప్రతి అయిదో చేతికి మిగిలిన ముక్కల్లోంచి ప్రత్యర్థి చేయి ఒకటి తీసి, కావాలని అడ్డుబిడ్ పెట్టండి. అరగంటలో ఇరవై చేతులు అవుతాయి.

మతిమరుపు వచ్చిందేమోనని భయపడే పెద్దవాళ్లు చాలామంది. జ్ఞాపకశక్తికేమీ కాలేదండీ, మోస్తున్న బరువే ఎక్కువ. స్టేమన్ (నోట్రంప్ అన్న పార్టనర్‌ను నాలుగు హార్ట్స్ గానీ స్పేడ్స్ గానీ ఉన్నాయా అని అడిగేది), ట్రాన్స్‌ఫర్, బ్లాక్‌వుడ్ (ఏస్‌లు ఎన్ని అని అడిగేది) ఉంచుకుని మిగతావి ఆరు నెలలు పక్కన పెట్టండి.

అపోహ: గెలిస్తే అది మంచి కాంట్రాక్టు.

వాస్తవం: రెండు ఫినెస్‌లు (పెద్ద ముక్క ఫలానా ప్రత్యర్థి దగ్గరే ఉంటుందని నమ్మి ఆడటం) కలిసివస్తేనే నిలిచే స్లామ్ గెలిచినా చెడ్డదే, నాలుగింట ఒకసారి దక్కేది. ప్రత్యర్థుల తురుపులు 3–2గా చీలితే చాలనే గేమ్ (4 హార్ట్స్ లాంటి, బోనస్ తెచ్చే కాంట్రాక్టు) ఓడినా మంచిదే. అలా చీలడానికి 68 శాతం అవకాశం ఉంది.

అపోహ: ఇద్దరికీ కలిపి 25 పాయింట్లుంటే గేమ్.

వాస్తవం: మీ రాజు, రాణి ఉన్న రంగులో పార్టనర్‌కు ముక్కే లేకపోతే ఆ 5 పాయింట్లూ దాదాపు దండగ.

అపోహ: పార్టనర్లు రహస్య సంకేతాలు పెట్టుకుంటారు.

వాస్తవం: ఒప్పందాలన్నీ ప్రత్యర్థులకు చెప్పి తీరాలి. దాస్తే అది మోసం, శిక్ష కూడా ఉంటుంది.

పేకాటంటే జూదమేగా అనే బంధువులకు: డూప్లికేట్‌లో అన్ని బల్లల మీదా అవే చేతులు. ఇక అదృష్టాన్ని తిట్టుకునే వీలెక్కడ? 2018 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జంటకు బ్రిడ్జ్‌లో స్వర్ణం వచ్చింది కూడా.

ఈ రాత్రి ఒక పని చేయండి. మీ 1 నోట్రంప్ మీద ప్రత్యర్థి డబుల్ (పందెం రెట్టింపు) అంటే, ఆ తర్వాత మీ 2 క్లబ్స్‌కు అర్థం ఏమిటో ఇద్దరూ వేర్వేరు గదుల్లో కూర్చుని రాయండి. కాగితాలు కలవకపోతే పదిహేనో కన్వెన్షన్ సంగతి తర్వాత చూద్దాం.