మందుకి తలుపు ఒకవైపే ఎందుకు? పాలిమర్ మైక్రో డివైజుల వెనక కథ

ఇన్సులిన్ని టాబ్లెట్లా మింగేస్తే పోదా అని అందరికీ వచ్చే డౌటే. కుదరదు, ఎందుకంటే అది ప్రోటీన్, కడుపులో యాసిడ్, ఎంజైములు కలిసి దాన్ని కూడా తిండి కిందే లెక్కేసి అరిగించేస్తాయి, ఎలాగో తప్పించుకుని పేగు దాకా వచ్చినా గోడ దాటాలంటే దాని సైజు పెద్దది. ఈ చిక్కు తీర్చడానికి కంటికి ఇసుక రేణువులా కనపడే ప్లాస్టిక్ బిళ్ళలు చేస్తున్నారు, పాలిమర్ మైక్రో డివైజులంటే ఇవే (పాలిమర్ అంటే చిన్న అణువులు గొలుసులా కలిసిన ప్లాస్టిక్, రబ్బరు లాంటి సరుకు). ఈ దారి ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెళ్తే కుందేళ్ళు తగుల్తాయి.

1960ల్లో జూడా ఫోక్‌మన్ అనే సర్జన్ కుందేలు రక్తాన్ని సిలికోన్ రబ్బరు గొట్టంలో తిప్పుతుంటే, ఆ గొట్టానికి బయటనుంచి మత్తు గ్యాస్ తగిలినప్పుడు కుందేలు నిద్రలోకి జారిపోయింది. అంటే గ్యాస్ రబ్బరులోంచి దూరి రక్తంలో కలిసిందన్నమాట. మరి మందుని గొట్టంలో పోసి రెండువైపులా మూసేస్తే అదే మెల్లగా బయటికొస్తుంది కదా! 1964లో డేవిడ్ లాంగ్‌తో కలిసి దీని మీద పేపర్ రాశాడు. 1990లో అమెరికాలో పర్మిషన్ వచ్చిన నార్‌ప్లాంట్ అదే ఐడియా, చేతి చర్మం కింద 6 గొట్టాలు, 5 ఏళ్ళు గర్భం వచ్చేది కాదు. కానీ సిలికోన్ కరగదు, టైమ్ అయ్యాక మళ్ళీ కోసి తియ్యాల్సిందే.

ఇంకో తంటా, ప్రోటీన్ లాంటి పెద్ద అణువులు ఆ రబ్బరులోంచి రావు. పాలిమర్‌లో మెలికల దారులు పెడితే అవి కూడా నెమ్మదిగా బయటికొస్తాయని 1976లో కెమికల్ ఇంజినీర్ రాబర్ట్ లాంగర్, ఫోక్‌మన్ చూపించారు, అప్పట్లో చాలామంది నమ్మలేదు కూడా. తర్వాత ఒంట్లో నీళ్ళు తగిలి తనంతట తనే విడిపోయే పీఎల్‌జీఏ వచ్చింది, కరిగిపోయే కుట్టుదారం బాపతు సరుకు ఇది. దాంతో చేసిన గుండ్రటి రేణువులే 1989 నాటి లూప్రాన్ డిపో అనే ప్రోస్టేట్ క్యాన్సర్ మందు, నెలకో ఇంజెక్షన్. బానే ఉంది గానీ గుండ్రటి రేణువుకి ముందూ వెనకా ఏముంటుంది, మందు అన్ని వైపులా కారిపోతుంది, పైగా మొదటి రోజే గబుక్కున ఎక్కువ వచ్చేస్తుంది.

నా లెక్కలో అసలు మలుపు ఇక్కడే, మెటీరియల్ కాదు, ఆకారం. లాంగర్ 1993లో కంప్యూటర్ చిప్పుల తయారీ గురించి టీవీలో చూసి, చిప్‌లో మందు పెడితే ఎలా ఉంటుందనుకున్నాడట. 1999లో మైఖేల్ సీమా, జాన్ శాంటినిలతో కలిసి 34 గుంటలున్న సిలికాన్ చిప్ చేశారు, ఒక్కో గుంటకి బంగారపు పొర మూత, సుమారు ఒక వోల్ట్ ఇస్తే మూత కరిగి మందు బయటికి. సూపర్, కానీ ఇది కూడా ఒంట్లోంచి తియ్యాల్సిందే కదా, అందుకే 2003లో మొత్తం కరిగిపోయే పాలిమర్‌తో 36 గుంటల బిళ్ళ చేశారు, కరెంటు లేదు, ఏ మూత ఎప్పుడు తెరుచుకోవాలో దాని పాలిమర్ గొలుసు పొడవే డిసైడ్ చేస్తుంది.

ఇంచుమించు అదే టైమ్‌లో తేజల్ దేశాయ్ అనే బయోఇంజినీర్ టీమ్ పేగు సంగతి పట్టుకుంది. సిలికాన్ పలక మీద పీఎంఎంఏ (ఎముకలకి వాడే సిమెంటు ప్లాస్టిక్కే) పల్చగా పూసి, మాస్క్ పెట్టి లైట్ కొట్టి, ప్లాస్మాతో (రక్తంలోది కాదు, కరెంటు ఎక్కించిన గ్యాస్) చెక్కి, చదరపు బిళ్ళలు చేసి వాటిలో గుంటలు తవ్వి పలక మీంచి లేపేస్తారు. గుంట ఉన్న వైపే పేగు గోడకి అతుక్కునే లెక్టిన్ అనే ప్రోటీన్ పూస్తారు. అప్పుడు మందు పోయేది గోడలోకే, పేగులో పారే ద్రవంలోకి కాదు. గుండ్రటి రేణువుకి ఈ పని చేతకాదు.

తర్వాత ఇంకా వచ్చాయి. జోసెఫ్ డిసిమోన్ టీమ్ 2005లో అచ్చుల్లో పోసి ఒకే సైజు రేణువులు చేసింది, 2017లో ఎంఐటీ వాళ్ళు బుల్లి కప్పుల్లో మందు నింపి పైన మూత అతికించారు.

అయితే ఆ గుంటల్లో పట్టేదెంత? ఎముకలు బలపడటానికి ఇచ్చే టెరిపారటైడ్ అయితే రోజుకి 20 మైక్రోగ్రాములు చాలు, ఓకే. అదే మామూలు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ అంటే దానికి 25,000 రెట్లు, గుంటలు తవ్వుకుంటూ కూర్చోవాలి.