కొనని సరుకుకి కూపన్: ఆ తగ్గింపు ఎవరు కడుతున్నారు?

కూపన్ మీద రాసింది సబ్బు. బుట్టలో వేసుకున్నది షాంపూ. కౌంటర్లో మిషన్ మాత్రం ఒప్పేసుకుంది, బిల్లులో ఇరవై రూపాయలు తగ్గింది. ఇందులో తప్పుందా? అమెరికా సూపర్ మార్కెట్లలో దశాబ్దాలుగా నలుగుతున్న తగువు ఇది. కాగితం కూపన్లు కత్తిరించి దాచుకునే అలవాటు విశాఖపట్నంలో ఎప్పుడూ పెద్దగా లేదు. అయినా ఆ తగువు ఇక్కడికీ వచ్చింది, వేరే రూపాల్లో: ఫోన్ నంబరు మీద పడే పాయింట్లు, యాప్‌లో కొట్టే కోడు, పెయింటు డబ్బాలో టోకెన్, టీ ప్యాకెట్టుకి అంటించిన ఉచిత గ్లాసు. "మిషన్ తీసుకుంది కదా" అన్న జవాబు ఎందుకు చాలదో అర్థం కావాలంటే, కూపన్ వెనక డబ్బు ఏ దారిన తిరుగుతుందో మొదట్నుంచీ చూడాలి.

తొలినాళ్లలో పేరుపడ్డ కూపన్‌కి అసలు ఏమీ కొనక్కర్లేదు. 1880ల చివర్లో అట్లాంటాలో కోకాకోలా వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్న ఏసా క్యాండ్లర్, ఒక గ్లాసు ఉచితం అంటూ చీటీలు పంచాడు. 1894, 1913 మధ్య అలా 85 లక్షల గ్లాసులు ఉచితంగా పోశారని అంచనా. ఖర్చు కంపెనీది, రుచి చూపించడమే ఉద్దేశం. షరతు లేని చోట దాన్ని తప్పించుకోవడం అనే మాటే రాదు. ఆ తర్వాత సి.డబ్ల్యూ. పోస్ట్ అనే వ్యాపారి గ్రేప్-నట్స్ అనే తన అల్పాహారం పొట్లం మీద ఒక సెంటు తగ్గిస్తూ కూపన్లు ఇచ్చాడు. ఫలానా సరుకు కొంటేనే ఫలానా తగ్గింపు అన్న ఒప్పందం అలా స్థిరపడింది. 1930ల మాంద్యంలో ఒక్కో సెంటూ లెక్కపెట్టుకున్న ఇళ్లలో కూపన్ వంటింటి సామానులో భాగమైపోయింది.

ఈ ఒప్పందంలో ముగ్గురున్నారు. కూపన్ అచ్చువేసేది తయారీ కంపెనీ. తగ్గించి ఇచ్చేది షాపు. తగ్గింపు పొందేది కొన్నవాళ్లు. కౌంటర్లో 50 సెంట్లు తగ్గించినప్పుడు షాపు తన డబ్బే ముందు పెడుతుంది. ఆ కూపన్లన్నీ పోగేసి, షాపులకీ కంపెనీలకీ మధ్య లెక్కలు తేల్చే క్లియరింగ్ హౌస్‌కి పంపుతుంది. వాటిని కంపెనీలవారీగా విడదీసే పని చాలావరకు మెక్సికోలో జరిగేది. ఆ తర్వాత కంపెనీ ఒక్కో కూపన్‌కి ముఖవిలువ 50 సెంట్లు, దాని మీద చాకిరీ ఖర్చు కింద 8 సెంట్లు షాపుకి కడుతుంది.

కూపన్ మీద రాసిన సరుకు అమ్ముడుపోకుండానే ఆ కూపన్ వెళ్తే ఏమవుతుంది? జరగని అమ్మకానికి కంపెనీ 58 సెంట్లు కట్టాలి. ఊరికే కట్టదు. ఆ షాపు ఆ సరుకు ఎంత తెప్పించుకుందో, ఎన్ని కూపన్లు పంపిందో పక్కపక్కన పెట్టి చూస్తుంది. నలభై సీసాలు తెప్పించిన కొట్టు నుంచి రెండొందల కూపన్లు వస్తే చెల్లింపు ఆపేస్తుంది. అప్పటికే తగ్గింపు ఇచ్చేసిన షాపు మునుగుతుంది. పెద్ద గొలుసు దుకాణానికి ఇది దోమకాటు. వీధి చివర కొట్టుకి మాత్రం ఆ నెల లాభమే పోవచ్చు. "పెద్ద కంపెనీ సొమ్మే కదా" అని సర్దిచెప్పుకునేవాళ్లు చూడని మలుపు ఇదే.

షాపులన్నీ అమాయకమైనవని కాదు. 1977లో అమెరికా తపాలా శాఖ దర్యాప్తు అధికారులు బ్రీన్ అనే బట్టల సబ్బు పొడికి 25 సెంట్ల కూపన్‌ని న్యూయార్క్ ప్రాంతం పత్రికల్లో వేయించారు. ఆ పేరుతో సబ్బు పొడి లోకంలో ఎక్కడా లేదు. అయినా అమ్మామంటూ వేలకొద్దీ షాపులు కూపన్లు పంపి డబ్బు అడిగాయి. కొనేవాళ్లతో పనిలేకుండా పత్రికల కట్టలు తెచ్చి, కూపన్లు కోసి, నేరుగా క్లియరింగ్‌కి పంపే దందా అలా బట్టబయలైంది. అన్నిటికన్నా పెద్ద మోసం ఇదే. ఒకే ఒక్క షాంపూ సీసా మీద తప్పు కూపన్ వాడినవాళ్లని దొంగల్లా చూసే ముందు ఈ నిష్పత్తి గుర్తుండాలి.

మిషన్ సంగతికి వద్దాం. బార్‌కోడ్ మొదటిసారి కౌంటర్లో పలికింది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద. తర్వాత కూపన్ల మీదికీ బార్‌కోడ్ వచ్చింది. పన్నెండు అంకెల్లో మొదటిది 5 అయితే అది కూపన్ అని గుర్తు. తర్వాతి ఐదు అంకెలు కంపెనీవి. ఆ తర్వాతి మూడు సరుకు కుటుంబానివి. ఆ పైన రెండు ఎంత తగ్గించాలో చెబుతాయి. చివరిది మిగతా అంకెలు సరిగ్గా చదివిందో లేదో తేల్చే సరిచూపు అంకె. బుట్టలో ఆ కంపెనీ, ఆ కుటుంబం సరుకు ఉందా అన్నదొక్కటే మిషన్ చూస్తుంది.

చిక్కంతా ఆ మూడు అంకెల్లో ఉంది. సైజులు, సువాసనలు వేరైనా కూపన్ పనిచేయాలి, కౌంటర్లో వరస ఆగకూడదు. అందుకని కంపెనీలు కుటుంబాన్ని వెడల్పుగా పెట్టుకున్నాయి. కోడ్ 511 అని ఉంటే ఆ ఒక్క సరుకుకే చెల్లుతుంది. 510 అని ఉంటే 511 నుంచి 519 దాకా అన్నిటికీ చెల్లుతుంది. 500 అయితే 5తో మొదలయ్యే ప్రతిదానికీ చెల్లుతుంది. కాగితం మీద "పెద్ద సీసా మాత్రమే" అని అచ్చయి ఉంటుంది. మిషన్ చిన్న సీసాకీ తల ఊపుతుంది. ఈ అంకెలు చదవడం నేర్చుకున్నవాళ్లు ఖరీదైన సరుకు కూపన్‌ని అదే కంపెనీ చౌక సరుకు మీద వాడి, ఒక్కోసారి దాన్ని ఉచితంగానే తెచ్చుకున్నారు.

వాళ్ల వాదన: కంపెనీయే కోడ్ అలా పెట్టుకుంది, మేం అబద్ధం ఆడలేదు. ఈ వాదన నిలవదు. ఒప్పందం కాగితం మీది అక్షరాల్లో ఉంది. కోడ్ కౌంటర్లో కూర్చున్న మనిషి పని తేలిక చేయడానికి పెట్టిన సాయం మాత్రమే. అచ్చు చదివి కూడా వేరే సరుకు మీద వాడినవాళ్లకి, తాము షరతు తీర్చలేదని తెలుసు. చదవకుండా పొరపాటున ఇచ్చినవాళ్లది వేరే సంగతి. 2011 ప్రాంతంలో ఈ పాత కోడ్ స్థానంలో డేటాబార్ అనే కొత్త రకం వచ్చింది. ఏ సరుకు, ఎన్ని కొనాలి, ఎప్పటి దాకా చెల్లుతుంది అన్నవన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. పాత కంత చాలావరకు పూడింది. దాంతో మోసం కూపన్లనే నకిలీగా ముద్రించడం వైపు మళ్లింది. 2021లో వర్జీనియాలో అలాంటి కేసులో ఒకరికి పన్నెండేళ్ల జైలు పడింది. ఆ ఒక్క కేసులో నష్టం 3 కోట్ల డాలర్లు దాటింది.

మన దగ్గర కథ వేరే దారి పట్టడానికి కారణం పొట్లం మీది ధర. 1977 నాటి ప్యాకేజీ సరుకుల నియమాలను 1990లో సవరించి, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర ముద్రించడం తప్పనిసరి చేశారు. ఇప్పుడు అదే విషయం 2011 నాటి తూనికలు కొలతల నియమాల్లో ఉంది. ధర పొట్లం మీదే ఉన్నప్పుడు తగ్గింపునీ అక్కడే అచ్చువేయడం కంపెనీకి సులువు. అందుకే మనకి కూపన్ బదులు "20 శాతం అదనం", "ఒకటి కొంటే ఒకటి ఉచితం", పొట్లానికి టేపు వేసిన బ్రష్షు, గ్లాసు, డబ్బా వచ్చాయి. ఇందులో కొనేవాళ్లు మోసం చేసే వీలు చాలా తక్కువ. వీలంతా మధ్యవాళ్లది. టేపు విప్పి గ్లాసు తీసేసి, టీ పొట్లాన్ని పూర్తి ధరకి అమ్మితే, సరుకు కొన్న మనిషికి రావాల్సింది సరుకు కొనని మనిషికి పోయింది. కూపన్ మోసం తలకిందులైతే ఇదీ.

కొనని సరుకు తాలూకు లాభం పొందడం ఇక్కడా ఉండేది, ఖాళీ పొట్లాల రూపంలో. 1999 ప్రపంచ కప్పుకి బ్రిటానియా బిస్కెట్ పొట్లాల మీద పరుగులు అచ్చువేసి, వంద పరుగులు పోగేస్తే ఒక పుస్తకం, అందులో గీకితే బహుమతి అవకాశం ఇచ్చింది. రోడ్డు మీద పారేసిన పొట్లం ఏరుకుని పరుగులు లెక్కేసుకుంటే తప్పా? మా దృష్టిలో కాదు. ఆ పొట్లం ఒకరు కొన్నదే, ఒక పొట్లానికి ఒక్కసారే లెక్క పడింది, కంపెనీ పెట్టుకున్న అంచనా చెదరలేదు. ఎవరు తిన్నారన్నది షరతు కాదు. అమ్మకం జరిగిందా, ఒకే అమ్మకానికి ఒకే లాభం వెళ్లిందా అన్నదే చూడాల్సింది.

ఈ కొలతతో పెయింటు టోకెన్ చూడండి. ఉప్పుగాలి కొట్టే విశాఖలో గోడలకి రంగులు త్వరగా పోతాయి, సంక్రాంతి ముందు పెయింటర్లు దొరకరు. చాలా కంపెనీలు డబ్బాలో పెయింటర్ కోసం టోకెన్ పెడతాయి. కోడ్ స్కాన్ చేస్తే పాయింట్లో డబ్బో వాళ్ల ఖాతాలో పడతాయి. వైరు కాయిళ్ల అట్టపెట్టెల్లో ఎలక్ట్రీషియన్లకీ ఇలాంటివే ఉంటాయి. కోరిన రంగు కలపడానికి షాపులోనే మూత తీస్తారు కాబట్టి, టోకెన్ అక్కడే మాయమయ్యే వీలుంది. అది తీసుకున్నవాళ్లు సరుకు కొననూ లేదు, పని చేయనూ లేదు. ఇక టోకెన్ ఖర్చు డబ్బా ధరలోనే ఉందని తెలిసిన ఇంటివాళ్లు తమకే ఇమ్మని అడగడం సబబే, కానీ పెయింటర్‌తో కూలి మాట్లాడుకునేటప్పుడే ఆ సంగతి తేల్చుకోవాలి. టోకెన్లు తనకే వస్తాయన్న లెక్కతో కూలి తక్కువ చెప్పిన మనిషికి మధ్యలో ఎగ్గొట్టడం అన్యాయం.

భోజనం కూపన్లది ఇంకో తోవ. ఆదాయపు పన్ను నియమాల్లో ఒక్కో భోజనానికి కొంత మొత్తం దాకా మినహాయింపు ఉన్నందుకు కంపెనీలు తమ ఉద్యోగులకి వాటిని ఇచ్చేవి. వాటితో సూపర్ మార్కెట్లో బట్టల సబ్బులు కొంటే షాపుకీ నష్టం లేదు, కంపెనీకీ లేదు. తిండికి అని చెప్పి వదిలించుకున్న పన్ను మాత్రం ఖజానాకి రాకుండా పోయింది.

ఇప్పుడు ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఏ పెద్ద షాపుకి వెళ్లినా కౌంటర్లో ముందు అడిగేది ఫోన్ నంబరు. వద్దన్నప్పుడు ఆ బిల్లు పాయింట్లు ఎవరి ఖాతాలోనూ పడకూడదు. అక్కడ తన నంబరో స్నేహితుడి నంబరో కొట్టుకునే వీలు బిల్లింగ్ మనిషికి ఉంటుంది. అలాగే కొన్నవాళ్లు అడగని తగ్గింపు కూపన్‌ని నగదు బిల్లుకి తగిలించి, తేడా జేబులో వేసుకోవచ్చు. పూర్తి డబ్బు కట్టి వెళ్లిన మనిషికి తెలిసేది బిల్లు చూస్తేనే. అందుకే చేతికిచ్చిన డబ్బు, బిల్లులో చివరి మొత్తం ఒకటేనా అన్నది కౌంటర్ దగ్గరే చూసుకోవాలి.

యాప్‌లలో కంత వాపసులో ఉంటుంది. వెయ్యి రూపాయలు కొంటే రెండొందలు తగ్గింపు అనుకుందాం. 600 సరుకు ఒకటి, 400 సరుకు ఒకటి తీసుకుని 800 కట్టారు. తర్వాత 400 సరుకు వెనక్కిచ్చారు. వ్యవస్థ 400 మొత్తం వాపసు ఇస్తే, 600 సరుకు 400కే మిగిలింది, వెయ్యి షరతు తీరలేదు. తగ్గింపుని దామాషాలో పంచే యాప్ 320 ఇస్తుంది, అప్పుడు 600 సరుకుకి 480 పడుతుంది. మరికొన్ని మళ్లీ మొదటినుంచి లెక్క కట్టి 200 మాత్రమే ఇస్తాయి. పాడైన సరుకు వెనక్కిచ్చినవాళ్లకి కూడా ఈ మూడో పద్ధతిలో కోత పడుతుంది, అది వాళ్ల తప్పు కాదు. వెనక్కివ్వాలనే ఉద్దేశంతోనే కొన్నవాళ్లని ఆపడానికి పెట్టిన నియమం వీళ్ల నెత్తిన పడుతోంది. అందుకే వాపసు కారణం రాసేచోట సరుకు లోపాన్ని స్పష్టంగా రాసి, ఫొటో పెట్టాలి.

ఒక్క మినహాయింపు. పక్క షాపు కూపన్‌నో, గడువు దాటిన కూపన్‌నో యజమాని తెలిసే తీసుకుని తన డబ్బులోంచి తగ్గిస్తే అందులో తప్పేమీ లేదు. బేరంలో తగ్గించినట్టే అది. అదే కాగితాన్ని అమ్మకం జరిగినట్టు చూపి కంపెనీకి పంపితే మోసం. తెలిసి మోసగించడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది.

కొన్నవాళ్లకి రావాల్సింది రానప్పుడు చట్టం 1984 నుంచీ ఉంది. ఆ ఏడాది సవరణతో గుత్తాధిపత్య నిరోధక చట్టంలోకి అనుచిత వ్యాపార పద్ధతులు అన్న భాగం చేరింది. ఇస్తామన్న కానుక ఇవ్వకూడదన్న ఉద్దేశంతోనే ప్రకటించడం ఇప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కిందికి వస్తుంది. ఉచిత వస్తువు లేని పొట్లం కనిపిస్తే, ఆఫర్ అచ్చయిన వైపు, టేపు ఊడిన గుర్తు, తయారీ నెల, బ్యాచ్ నంబరు పడేలా ఫొటో తీసి, బిల్లుతో పాటు ఉంచుకోవాలి. ముందు షాపులో రాతపూర్వకంగా అడగాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల రూపాయల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు, వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి కాబట్టి, వేడికి అక్షరాలు చెరిగిపోయే ఆ బిల్లు కాగితాన్ని ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది.