ఇళ్లు చిన్నవయ్యాయి, సీరియల్ ఇళ్లు మాత్రం పెద్దవయ్యాయి

సమాజం మారింది కాబట్టే టీవీ మారిందని కొందరు, టీవీయే జనాన్ని మార్చిందని కొందరు వాదిస్తుంటారు. తెలుగు టీవీ సంగతి చూస్తే రెండూ నిలబడవు, టీవీ ఒక దారిన పోయింది, మన ఇళ్లు ఇంకో దారిన పోయాయి.

అసలు మన పల్లెలకు టీవీ వచ్చిందే పాఠాలు చెప్పడానికి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించే ‘సైట్’ ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లలో సెట్లు పెట్టారు, అప్పటి ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ అందులో ఉన్నాయి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, ఊరంతా ఒకే సెట్టు ముందు కూర్చుని చూసేది ఇవే. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక లెక్క మారింది. సబ్బులూ చీరలూ అమ్మేవాళ్లకు రోజూ అదే టైముకి టీవీ ముందు కూర్చునే ఆడవాళ్లు కావాలి, రోజువారీ కథకి ఎంతకీ తెగని గొడవ కావాలి, అందుకే అత్తాకోడళ్లు, ఆస్తి పేపర్లు, బంగళా నిండా చుట్టాలు.

ఇళ్లలో జరిగింది వేరు. 1985లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది, దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలుంటే, 2019-21 నాటికి ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఈ చిన్న కుటుంబం సీరియల్‌లో ఎక్కడైనా కనిపిస్తుందా?

అలాగని అంతా మారిపోయిందనీ కాదు. ఈ పిల్లల లెక్కలు ఇచ్చిన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రలో 83.6 శాతం. నాకు ఈ అంకె దగ్గర మనసు కలుక్కుమంటుంది. తమిళనాడు, హర్యానా, బీహార్ లాంటి చోట్ల 2001-03 మధ్య ఆర్థికవేత్తలు రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ చేసిన అధ్యయనంలో కేబుల్ వచ్చిన ఊళ్లలో ఇలాంటి ఒప్పుకోలు తగ్గింది. మన దగ్గర ఇన్నేళ్ల కేబుల్ తర్వాత కూడా ఇంతుంది. సర్వేవాళ్లు అడిగిన కారణాలు చూడండి: చెప్పకుండా బయటికెళ్లడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం. మన సీరియల్స్‌లో కోడలి చెంప పగిలేదీ, కెమెరా ముమ్మారు ఆమె ముఖం మీదికి దూసుకెళ్లేదీ సరిగ్గా ఈ కారణాలకే, మర్నాడు ఎపిసోడ్‌లో ఆమే క్షమాపణ అడుగుతుంది.