పెద్ద రివాల్వర్ ఎంచుకునే ముందు తన్ను లెక్క

వేటకూ రేంజ్‌లో గురి సాధనకూ పెద్ద క్యాలిబర్ (గొట్టం రంధ్రం వెడల్పు) రివాల్వర్ కొనాలనుకునేవాళ్లు చాలామంది తూటాల పెట్టె మీద అచ్చువేసిన శక్తి అంకె దగ్గర మొదలుపెడతారు. అక్కడే దారి తప్పుతుంది. గుండు ఎంత బలమైనదైనా సరైన చోట దిగాలి. అలా దిగాలంటే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చెయ్యి బెదరకూడదు. చేతిని బెదరగొట్టేది తుపాకీ వెనక్కి తన్నే తన్ను. కాబట్టి ముందు ఏ జంతువు, దానికి ఏ గుండు అన్నది తేల్చుకోవాలి. ఆ గుండును మోసే తూటా, ఆ తూటా తన్నును ఆపగల బరువు ఆ తర్వాత వస్తాయి. చివరి మాట మాత్రం మణికట్టుదే.

రివాల్వర్లలో మాగ్నమ్, అంటే మామూలు కంటే బలమైన తూటాల కథ 1935లో .357 మాగ్నమ్‌తో మొదలైంది. దాని 158 గ్రెయిన్ల గుండు, అంటే పది గ్రాముల చిల్లర, సెకనుకు దాదాపు 380 మీటర్ల వేగంతో బయటికొచ్చి 740 జౌళ్ల శక్తిని మోస్తుంది. రేంజ్‌కు ఇది చక్కటి తూటా. జింకకు మాత్రం అంచు మీద ఉంటుంది. దూరం తక్కువై, జంతువు పక్కకు తిరిగి నిలబడి ఉంటేనే సరిపోతుంది. అమెరికన్ తుపాకీ రచయిత ఎల్మర్ కీత్ ఏళ్ల తరబడి .44 స్పెషల్ అనే పాత తూటాలో బరువైన గుండ్లూ ఎక్కువ మందూ దట్టించి చేసిన ప్రయోగాల ఫలితంగా 1955 చివర్లో .44 మాగ్నమ్ వచ్చింది. 240 గ్రెయిన్లు, అంటే 15.5 గ్రాముల గుండు, సెకనుకు 410 మీటర్లు, సుమారు 1,300 జౌళ్లు. జింక, అడవిపంది వంటివాటికి చేతి తుపాకీతో వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి ఇంతకు మించి అవసరం పడదు.

ఆ పైమెట్టు .454 కాసుల్. తుపాకుల తయారీదారు డిక్ కాసుల్ 1950లలోనే దీని మీద పని మొదలుపెట్టినా, అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో ఫ్రీడమ్ ఆర్మ్స్ సంస్థ 1983లో దీనికోసం రివాల్వర్ తయారుచేశాకే అంగట్లో నిలదొక్కుకుంది. .44 మాగ్నమ్‌కు గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 36,000 పౌండ్లయితే, దీనికి 65,000. ఆ రివాల్వర్‌లో తూటాలు పట్టే తిరుగుడు సిలిండర్‌కు ఆరు గదులకు బదులు అయిదే ఎందుకు ఉంటాయో ఈ అంకె చెబుతుంది. గదికీ గదికీ మధ్య ఉక్కు మందంగా మిగలాలి. అయిదు గదులుంటే సిలిండర్‌ను ఆపే గాడి రెండు గదుల మధ్యనున్న మందపాటి చోట పడుతుంది. ఆరు గదులుంటే అది మామూలుగా గది మీదకే, గోడ అన్నిటికంటే పల్చగా ఉన్న చోటికే వస్తుంది. 2001లో .480 రూగర్, 2003లో .500 స్మిత్ అండ్ వెసన్, 2005లో .460 వచ్చాయి. వీటిలో .480ని ఎందుకో జనం పట్టించుకోలేదు. 21 గ్రాముల గుండును .44 వేగంతోనే, 48,000 పౌండ్ల పీడనంతో పంపే ఈ తూటా, .500 దాకా పోకుండా పెద్ద రంధ్రం కావాలనుకునేవారికి సరైన మధ్యేమార్గం.

ఇక తన్ను. ఇది శక్తి లెక్క కంటే ముందు ద్రవ్యవేగం (బరువును వేగంతో గుణిస్తే వచ్చేది) లెక్క. గుండూ, దాని వెనకే బయటికి దూకే మందు వాయువూ కలిసి ముందుకు ఎంత ద్రవ్యవేగం తీసుకెళితే, తుపాకీ వెనక్కి సరిగ్గా అంతే తీసుకుంటుంది. .44 మాగ్నమ్‌లో గుండు వాటా 6.4, ఒకటిన్నర గ్రాముల మందు వాటా ఇంచుమించు 0.9. మొత్తం సెకనుకు 7.3 కిలోగ్రామ్ మీటర్లు. తుపాకీ బరువు 1.36 కిలోలైతే అది సెకనుకు 5.4 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. చేతికి తగిలే శక్తి 20 జౌళ్లు. అదే తూటాను, మోసుకు తిరగడానికి బాగుంటుందని 750 గ్రాముల తేలిక రివాల్వర్‌లో పెడితే వేగం పది మీటర్లకు చేరువవుతుంది, శక్తి 35 జౌళ్లు దాటుతుంది. మోయడానికి హాయిగా ఉన్న తుపాకీ కాల్చడానికి నరకం కావడం ఇందువల్లే. .500లో 26 గ్రాముల గుండును 510 మీటర్ల వేగంతో పంపితే, రెండు కిలోలకు పైబడిన తుపాకీలో కూడా తన్ను 55 జౌళ్లు. అంటే .44 కంటే దాదాపు మూడింతలు. గుండు శక్తి మాత్రం రెండున్నర రెట్లే పెరిగింది.

గొట్టం కొసన చిల్లులున్న కాంపెన్సేటర్ ఈ లెక్కలో వాయువు వాటాను మాత్రమే పక్కకూ పైకీ మళ్లించగలదు. గుండు వాటాను తగ్గించే ఉపాయం ఏదీ లేదు. అందుకే తేలిక గుండు వెనక బోలెడంత మందు కాలే .460లో అది బాగా పనిచేస్తుంది, మెల్లగా పోయే బరువైన గుండ్లకు అంతగా అక్కరకు రాదు. పైగా మళ్లిన వాయువు మోతను కాల్చేవాడి చెవి వైపే తెస్తుంది. పెద్ద రివాల్వర్ పేలుడు 160 డెసిబెళ్ల దాపుల్లో ఉంటుంది. చెవికి శాశ్వతంగా హాని చేసే హద్దు 140. చెవిలో ప్లగ్గులూ పైన మఫ్‌లూ రెండూ పెట్టుకోవాలి. కళ్లద్దాల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పిడి ఆకారం కూడా తన్ను అనుభవాన్ని మార్చేస్తుంది. పాతకాలపు సింగిల్ యాక్షన్ రివాల్వర్ (ప్రతిసారీ హేమర్‌ను, అంటే తూటాను పేల్చే సుత్తిని, బొటనవేలితో వెనక్కి లాగాల్సినది) పిడి వంపుగా ఉండి, తన్నినప్పుడు అరచేతిలో పైకి దొర్లుతుంది. .44 వరకూ ఇది సుఖమే, తన్ను దొర్లడంలోనే ఖర్చైపోతుంది. అంతకు మించితే ట్రిగ్గర్ గార్డు వెనక అంచు మధ్యవేలి కణుపును కొడుతుంది. నిటారుగా, పైభాగం వెడల్పుగా ఉండే బిస్లీ పిడి అప్పుడు మేలు. ట్రిగ్గర్ నొక్కితేనే హేమర్ కూడా వెనక్కి వెళ్లే డబుల్ యాక్షన్ రివాల్వర్ దొర్లదు, నేరుగా వెనక్కి తోస్తుంది. దానికి వెన్నుభాగాన్ని కూడా కప్పే మెత్తటి రబ్బరు పిడి ఉండాలి. వేటలో ఎలాగూ హేమర్ వెనక్కి లాగి పెట్టుకునే కాలుస్తారు. అప్పుడు ట్రిగ్గర్‌కు కిలోన్నర బలం చాలు, లాగకుండా కాలిస్తే అయిదు కిలోల దాకా కావాలి. కాబట్టి డబుల్ యాక్షన్‌తో వేటలో ఒరిగేది తక్కువ. త్వరగా నింపుకోవడం, ఖాళీ చేయడం మాత్రం దాంతోనే తేలిక.

గొట్టం పొడవు విషయంలో చాలామంది వేగం గురించి బెంగపడతారు. అంగుళం తగ్గితే పోయే వేగం కొద్దిదే. అసలు నష్టం గురిలో ఉంది. నాలుగంగుళాల గొట్టం మీద ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం ఇంచుమించు 15 సెంటీమీటర్లు. ముందు సైటు అర మిల్లీమీటరు పక్కకు జరిగితే 50 మీటర్ల దగ్గర గుండు 17 సెంటీమీటర్లు తప్పుతుంది. ఏడున్నర అంగుళాల గొట్టం మీద అదే తప్పు 10 సెంటీమీటర్లకు దిగుతుంది. ముందు భాగం బరువు పెరిగి తుపాకీ పైకి లేవడమూ తగ్గుతుంది. పదంగుళాలు దాటితే ఒరలో ఇమడదు, నిలబడి కాలిస్తే చేతులు వణుకుతాయి. ఆరు నుంచి ఏడున్నర మధ్య ఆగడం తెలివి. అమెరికాలో చాలా రాష్ట్రాలు వేటకు వాడే చేతి తుపాకీకి కనీస క్యాలిబర్, కనీస గొట్టం పొడవు చట్టంలోనే పెట్టాయి. కొనేముందు ఆ అంకెలు చూసుకోవాలి.

టెలిస్కోప్ బిగించాలంటే చేతి తుపాకీ కోసమే చేసినది కావాలి. రైఫిల్ స్కోప్ కంటికి పది సెంటీమీటర్ల దూరంలో ఉంటేనే బొమ్మ కనిపిస్తుంది. చెయ్యి చాచి పట్టుకునే ఆయుధానికి అది పనికిరాదు, దగ్గరికి తెచ్చుకుంటే నుదురు పగులుతుంది.

రివాల్వర్ గుండు వేగం రైఫిల్ గుండు వేగంలో సగమే. అంత వేగానికి చుట్టూ ఉన్న కండరం సాగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. గుండు నేరుగా తాకి చీల్చిన మేరకే గాయం. కాబట్టి రెండే ప్రశ్నలు: రంధ్రం ఎంత వెడల్పు, ఎంత లోతు. జింక వంటి పల్చటి జంతువుకు లోపలికి వెళ్లి విచ్చుకునే హాలో పాయింట్ లేదా సాఫ్ట్ పాయింట్ గుండు బాగుంటుంది. .44లో 240 గ్రెయిన్లు చాలు. పెద్ద పందికీ, ఎలుగుకూ విచ్చుకునే గుండు భుజం ఎముక దగ్గరే ఆగిపోవచ్చు. వాటికి ముక్కు చదునుగా ఉండే గట్టి సీసపు గుండు, 300 గ్రెయిన్లు లేదా ఆ పైన. అది విచ్చుకోదు, వంకర పోదు, ఎముకలు విరుచుకుంటూ తిన్నగా సాగుతుంది. ముక్కు గుండ్రంగా ఉంటే కండరాన్ని పక్కకు తోసి జారిపోతుంది. చదును అంచు కోస్తుంది.

50 మీటర్లకు సరిపెట్టిన .44 గుండు 100 మీటర్ల దగ్గర 15 నుంచి 18 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. జింక గుండె, ఊపిరితిత్తుల ప్రాంతం 20 సెంటీమీటర్ల వెడల్పే ఉంటుంది. వేట దూరాన్ని తేల్చేది మాత్రం ఈ పట్టిక కాదు. బల్ల మీద ఆనించకుండా, అడవిలో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని 20 సెంటీమీటర్ల పళ్లెంలో అయిదుకు అయిదూ ఎంత దూరం నుంచి వేయగలరో చూసుకోవాలి. చాలామందికి అది 50 మీటర్ల లోపే ఉంటుంది. తూటా మార్చినంత మాత్రాన ఆ దూరం పెరగదు.

సాధనకు ఎప్పుడూ పూర్తి బలం తూటాలే వాడితే చెయ్యి భయం నేర్చుకుంటుంది. ఇక్కడే క్యాలిబర్ ఎంపికకు మరో కోణం ఉంది. .357లో .38 స్పెషల్, .44 మాగ్నమ్‌లో .44 స్పెషల్, .454లో .45 కోల్ట్ వేసుకోవచ్చు. .460లో .454, .45 కోల్ట్ రెండూ పడతాయి. ఒక్క జాగ్రత్త: పొట్టి కేసులు (తూటాల ఇత్తడి తొడుగులు) కాల్చాక గది ముందుభాగంలో మసి ఉంగరంలా పేరుకుంటుంది. దాన్ని బ్రష్‌తో గీకేయకుండా పొడవు కేసు తోస్తే బిగుసుకుంటుంది, పీడనం పెరగవచ్చు. ఒక పూటలో పూర్తి బలం తూటాలు ఇరవై చాలు, మిగతావన్నీ తేలికవే. బెదురు ఉందో లేదో తెలుసుకోవడానికి స్నేహితుడి చేత సిలిండర్ నింపించండి. మధ్యలో ఒకటి రెండు డమ్మీ తూటాలు ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు. హేమర్ డమ్మీ మీద పడినప్పుడు గొట్టం కొస కిందికి వంగితే, అంతకుముందు పేలిన ప్రతి గుండూ అలాగే వంగి వెళ్లిందన్నమాట.

.500 తరగతి తుపాకులతో జరిగే ప్రమాదాల్లో రెండు ప్రత్యేకం. మొదటిది సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఉన్న సందు. అది కాగితం మందమే, కానీ అందులోంచి చిమ్మే వాయువు కోసేస్తుంది. పిస్టల్ అలవాటుతో ఎడమ బొటనవేలు ముందుకు చాచి పట్టుకుంటే వేలి కొస పోవచ్చు. వేళ్లన్నీ సందుకు వెనకే ఉండాలి. రెండోది, తన్నుకు తుపాకీ జారుతుంటే చెయ్యి గట్టిగా బిగుసుకుని, తెలియకుండానే ట్రిగ్గర్ మళ్లీ నొక్కేయడం. అప్పటికి గొట్టం కొస ఆకాశం వైపో కాల్చేవాడి తల వైపో తిరిగి ఉంటుంది. కొత్తవాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు సిలిండర్‌లో ఒక్క తూటా మాత్రమే పెట్టాలి. ఇందులో మొహమాటం కూడదు.

తేలిక తుపాకీ, బరువు గుండు కలిస్తే మరో చిక్కు. తుపాకీ వెనక్కి దూకుతుంటే ఇంకా కాలని తూటాల్లోని గుండ్లు కేసు పట్టు వదిలి ముందుకు జరుగుతాయి. సిలిండర్ ముందుకు పొడుచుకొస్తే అది తిరగదు. జంతువు ఎదురుగా ఉండగా ఆయుధం బిగుసుకుపోతుంది. కొత్త రకం తూటా కొన్నప్పుడు ఒకదాని పొడవు కాలిపర్‌తో కొలిచి గుర్తుపెట్టి, దాన్ని సిలిండర్‌లోనే ఉంచి మిగతావన్నీ కాల్చి, మళ్లీ కొలవండి. పొడవు పెరిగితే ఆ తూటా ఆ తుపాకీకి పనికిరాదు.

పేలుడు బదులు బలహీనంగా టప్‌మంటే అక్కడితో ఆపేయాలి. మందు సరిగా లేని తూటా గుండును గొట్టంలోనే వదిలేసి ఉండవచ్చు. ఖాళీ చేసి గొట్టంలోకి కడ్డీ దించి చూడకుండా రెండోది కాలిస్తే గొట్టం పగులుతుంది. హేమర్ పడ్డా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

వాడిన రివాల్వర్ కొంటుంటే ముందు అది ఖాళీగా ఉందని ప్రతి గదినీ చూసి నిర్ధారించుకోండి. సిలిండర్, గొట్టం మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సన్నటి సందులను కొలిచే పల్చటి లోహపు రేకులతో) కొలవండి. 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు మామూలు, 0.25 దాటితే బేరం మానుకోవడం మంచిది. సిలిండర్‌ను వేళ్లతో ముందుకూ వెనక్కీ కదపండి. చెప్పుకోదగ్గ ఆట ఉంటే బరువైన తూటాలు చాలా తిన్నదని అర్థం. హేమర్‌ను చాలా నెమ్మదిగా వెనక్కి లాగుతూ, పూర్తిగా నిలబడేలోపే ప్రతి గదీ తాళం పడుతోందో లేదో వినండి. తాళం పడకపోతే గది గొట్టానికి ఎదురుగా రాదు, గుండు అంచున గీసుకుని సీసపు తునకలు పక్కనున్నవాళ్ల మీదికి చిమ్ముతాయి. గొట్టం వెనక అంచున, గుండు ప్రవేశించే గరాటు ప్రాంతంలో టార్చి వేసి పగుళ్లు వెతకండి. దాని పైనున్న ఫ్రేము పట్టీ మీద వాయువు కోసిన సన్నటి గీత మాత్రం భయపడాల్సింది కాదు, అది కొంతదూరం పోయి ఆగుతుంది.

కాల్చిన ప్రతిసారీ, శుభ్రం చేయడం కంటే ముందు, మరలు చూసుకోవాలి. ఈ తన్నుకు స్కోప్ బిగింపులు, పిడి మర, డబుల్ యాక్షన్‌లో ఖాళీ కేసులను బయటికి తోసే ఎజెక్టర్ కడ్డీ వదులవుతాయి. ఎజెక్టర్ కడ్డీ మరలు విడిపోయి ముందుకు జరిగితే, తూటాలు లోపలే ఉండగా సిలిండర్ తెరుచుకోదు.